సీఎన్‌జీ కిట్ కోసం వచ్చిన బండి: ఒక మైలేజ్ కేసు

“సీఎన్‌జీ కిట్ పెట్టడానికి మొత్తం ఎంతవుతుందన్నా?”

ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఇది. బండి పెట్రోల్ ఎక్కువ తాగుతోందన్న సంగతి నేను గుచ్చి గుచ్చి అడిగితే తర్వాత బయటికొచ్చింది.

బెంగళూరులో కె.ఆర్.పురం వైపు పంతొమ్మిదేళ్లుగా గ్యారేజ్ నడుపుతున్నాను. మా దగ్గరికి వచ్చే బళ్లలో సగం మనవాళ్లవే. చిత్తూరు, మదనపల్లె, అనంతపురం, కడప వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడినవాళ్లు. వాళ్ల బండికి రెండు బతుకులు. వారమంతా అవుటర్ రింగ్ రోడ్డు మీద ఫస్ట్ గేరు, సెకండ్ గేరు. సెలవొస్తే ఊరి దారి. మైలేజ్ పడిపోయిందని ఎవరైనా వస్తే ఈ రెండింట్లో ఎక్కడ ఎక్కువ పడిందో ముందు తేల్చుకోవాలి. ఈ కేసులో నేను అది తేల్చకుండానే స్పానర్ పట్టుకున్నాను. దానికి రూ.6,850 అయింది. కట్టింది కస్టమర్.

ఆయనెవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. లెక్కలు మాత్రం వాళ్ల నోటుబుక్కులో, నా జాబ్ కార్డుల్లో ఉన్నవే.

బండి, మనిషి

2017 మోడల్ 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. మాన్యువల్ గేర్లు. 78,000 కి.మీ. తిరిగింది. కంపెనీ చెప్పిన ఏఆర్ఏఐ (బళ్లను పరీక్షించే సంస్థ) మైలేజ్ లీటరుకు 20 కి.మీ.కి కాస్త పైన. ఆ అంకెను ల్యాబ్‌లో రోలర్ల మీద, ఏసీ ఆపి తీస్తారు. టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ ట్రాఫిక్‌లో ఆశించేది కాదు. ఇలాంటి బండి ఆరోగ్యంగా ఉంటే ఇక్కడి ట్రాఫిక్‌లో 11, 12, హైవే మీద 17, 18 ఇవ్వడం నేను చూస్తుంటాను.

ఆయనకు ముప్పై ఐదు దాకా ఉంటాయి. ఆఫీసు బెళ్లందూరు వైపు, ఇంటి నుంచి 16 కి.మీ. టిన్ ఫ్యాక్టరీ, మహదేవపుర, మారతహళ్లి దాటి పోవాలి. గంటా పది నిమిషాలు. వారానికి నాలుగు రోజులు. నెలకు రెండుసార్లు మదనపల్లె దగ్గర సొంతూరు, పోనూ రానూ 250 కి.మీ. అన్నీ కలిపితే నెలకు సిటీలో 700, హైవే మీద 500. లీటరు రూ.103 లెక్కన పెట్రోల్‌కే నెలకు పన్నెండు వేలు అవుతోంది.

“ఈఎంఐ తీరిపోయిందని సంబరపడ్డామన్నా. ఇప్పుడు పెట్రోలే ఈఎంఐ అయ్యింది” అన్నారు.

మా దగ్గరికి రాకముందే చేసినవి

ఏదో ఒకటి ప్రయత్నించకుండా ఎవరూ గ్యారేజ్‌కి రారు. వాటిని అడిగి రాసుకోవడం నా అలవాటు, ఎందుకంటే ఏది పని చేయలేదో తెలిస్తే సగం దారి మూసుకుపోతుంది.

మొదట బంకు మీద అనుమానపడ్డారు. బంకులో అయిదు లీటర్ల కొలత పాత్ర ఉంటుంది, అడిగితే మన కళ్ల ముందు పట్టి చూపించాలి. ఆయన నిజంగానే అడిగారు (అడిగేవాళ్లు వందలో ఒకరు కూడా ఉండరు). పెట్రోల్ సరిగ్గా గీత దగ్గరే ఆగింది. బంకు తప్పు లేదు.

తర్వాత ఈ20 మీద. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ పెట్రోల్‌ను ప్రధాని ప్రారంభించింది ఈ ఊళ్లోనే, 2023 ఫిబ్రవరిలో ఇండియా ఎనర్జీ వీక్‌లో. ఆ అనుమానం పూర్తిగా తప్పు కాదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉండేదానికి మూడింట రెండు వంతులే. అంటే పది శాతం కలిపిన పెట్రోల్ నుంచి ఇరవై శాతానికి మారితే లీటరుకు దాదాపు మూడున్నర శాతం శక్తి తగ్గుతుంది. 15 ఇచ్చే బండి 14.5 ఇస్తుంది. ఈయన బండి పోగొట్టుకున్నది అంతకు ఎన్నో రెట్లు. అర లీటరు దొంగ దొరికాడని పది లీటర్ల దొంగను వదిలేయకూడదు.

మూడోది ఆన్‌లైన్‌లో కొన్న ‘ఫ్యూయల్ సేవర్’. స్టీరింగ్ కింద, మేం స్కానర్ పెట్టే ఓబీడీ సాకెట్‌లో గుచ్చేది. ఆయన అనుమతితోనే విప్పాను. లోపల చిన్న బోర్డు, మూడు ఎల్ఈడీలు, ఒక బటన్. ఈసీయూతో, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌తో మాట్లాడే పిన్నులకు తీగే కలపలేదు. బల్బులు వెలగడానికి బ్యాటరీ కరెంటు మాత్రం లాగుతోంది. మా పిల్లలు దాన్ని ఇప్పటికీ బెంచీ మీద పెట్టుకుని నవ్వుకుంటారు.

ఇవన్నీ అయ్యాక మిగిలింది సీఎన్‌జీ.

కిట్ ఎందుకు వద్దన్నాను

కిట్ పెడితే నాకు నాలుగు డబ్బులు మిగులుతాయి, దాచుకోవడానికేం లేదు. అయినా అప్పుడే వద్దన్నాను. ఆ ఇంజిన్ లీటరుకు రావలసినంత దూరం పోవడం లేదు. కారణం తెలియకుండా ఇంధనం మారిస్తే ఆ జబ్బు గ్యాస్‌ను కూడా తింటుంది. పైగా ఊరికి పోయేటప్పుడు డిక్కీ నిండా సామాను. సిలిండర్ పెడితే డిక్కీ పోతుంది. ఆర్‌సీలో ఎక్కించాలి, ఇన్సూరెన్స్‌కి చెప్పాలి. “ముందు ఇంజిన్ సంగతి చూద్దాం సార్, తర్వాత కిట్ సంగతి” అన్నాను. ఇక్కడి దాకా నా ఆలోచన సరిగానే ఉంది.

మొదటి ప్రయత్నం: అలవాటు చేసిన పని

78,000 తిరిగిన బండి, ప్లగ్గులు ఒక్కసారీ మార్చలేదు. అది చూడగానే చేయి తనంతట తాను జాబ్ కార్డు రాసేసింది: ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, ఇంజిన్ ఆయిల్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్. మైలేజ్ అనగానే ఏ గ్యారేజ్‌లోనైనా రాసే మందుల చీటీ ఇదే.

ఇందులో ఎయిర్ ఫిల్టర్ గురించి చెప్పాలి. కార్బొరేటర్ రోజుల్లో ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గి పెట్రోల్ పాలు పెరిగేది, మైలేజ్ పడేది. ఇప్పటి బండిలో లోపలికి ఎంత గాలి వస్తోందో సెన్సర్ చూస్తుంది, దానికి తగ్గట్టు ఈసీయూ పెట్రోల్ తగ్గిస్తుంది. ఫిల్టర్ మురికైతే పికప్ పడుతుంది, మైలేజ్ పెద్దగా పడదు. ఇది నాకు తెలుసు. తెలిసీ బిల్లులో ‘మైలేజ్ కోసం’ అన్న వరుసలోనే రాశాను.

మూడు వారాల తర్వాత వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. ఇంటి లెక్కలు రాసేది ఆయన భార్య. పాలు, కూరగాయలు, స్కూలు ఫీజు పక్కనే పెట్రోల్‌కి ఒక పేజీ. సర్వీస్‌కి ముందు సిటీ మైలేజ్ 9.2, సర్వీస్ తర్వాత 9.3. ఆ 0.1 కూడా నా పనితనం కాదు, ఆ వారం స్కూళ్లకు సెలవులు.

ఆయన కోప్పడలేదు. “అన్నా, తేడా ఏం కనపడలే” అన్నారంతే. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

రెండో ప్రయత్నం: నిలబడ్డ బండికి పరీక్ష

బండి తెప్పించి స్కానర్ పెట్టాను. ఫాల్ట్ కోడ్ ఒక్కటీ లేదు. ఆక్సిజన్ సెన్సర్ బాగానే ఆడుతోంది. ఇంజిన్ వేడి 91 డిగ్రీలు, ఫ్యాన్ తిరుగుతోంది, ఆగుతోంది. ఈసీయూ పెట్రోల్‌ను సర్దుకునే లెక్కలు నాలుగు శాతం లోపే ఉన్నాయి. అరగంట చూసి “అంతా బాగుంది సార్” అన్నాను.

నా రెండో తప్పు ఇది, మొదటిదానికన్నా పెద్దది. కస్టమర్ చెబుతున్న బాధ బండి నడిచేటప్పటిది. నేను చూసింది షెడ్డులో నిలబడ్డ బండిని. నడిస్తే మోకాలు నొప్పి అన్న మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి చూసినట్టు.

ఆ రాత్రి మేడమ్ రాసిన పేజీలు మళ్లీ చూశాను. అన్ని ట్యాంకులూ కలిపి సగటు 10.4. డ్యాష్‌బోర్డు డిస్‌ప్లే మాత్రం 11.6 అంటోంది, డిస్‌ప్లేల గొప్పలు నాకు కొత్త కాదు. సగటుతో పని జరగదని అప్పుడు తట్టింది. “సిటీ ట్యాంకుల లాగే ఊరికి పోయొచ్చిన ట్యాంకుల లెక్క కూడా వేరు చేసి పంపండి మేడమ్” అని అడిగాను.

పంపారు. సిటీ 9.3. హైవే 12.8.

కొలతలో ఒక చిన్న మెలిక కూడా ఉంది. ఆయన కొన్నిసార్లు ఇక్కడ ఫుల్ చేసి ఊళ్లో లెక్క చూసేవారు, అప్పుడు మైలేజ్ కాస్త బాగా కనిపించేది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, మదనపల్లె 700 మీటర్ల దగ్గర. పోయేటప్పుడు మొత్తం మీద దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. రెండు వందల మీటర్ల ఎత్తు ఎక్కించడానికే ఈ బండికి పావు లీటరు ఖర్చవుతుంది. అందుకే పోనూ రానూ కలిపితేనే లెక్క. ఆంధ్రలో పెట్రోల్ ధర కర్ణాటక కన్నా ఎక్కువ కాబట్టి ఇక్కడ నింపుకుని, తిరిగొచ్చి ఇక్కడే నింపుకోవడం జేబుకూ మంచిదే. అదే బంకు, అదే నాజిల్, ఆటో కటాఫ్ ‘టక్’ అనగానే ఆపేయాలి, రౌండ్ ఫిగర్ కోసం ఇంకో చుక్క కూడా పోయించకూడదు.

ఇప్పుడు 12.8 సంగతి. సిటీలో రావలసిన దానికన్నా దాదాపు ఇరవై శాతం తక్కువ, హైవేలో ఇరవై ఏడు శాతం తక్కువ. హైవేలో ఎక్కువ దెబ్బ. ప్లగ్గులో, ఇంజెక్టర్లో చెడితే రెండు చోట్లా ఒకేలా పడాలి, బండి వణకాలి. ట్రాఫికే కారణమైతే హైవే బాగుండాలి. అంటే బండి వేగంగా పోయేటప్పుడు ఏదో వెనక్కి లాగుతోంది, లేదా ఏదో మారుతోంది. షెడ్డులో నిలబెట్టి చూస్తే దొరకదు.

ఆదివారం తెల్లవారుజాము, హోస్కోటె దారి

అయిదున్నరకు బయల్దేరాం. ఆయన్నే నడపమన్నాను, నా కాలు వేరు, ఆయన కాలు వేరు. పక్క సీట్లో నేను, చేతిలో ఫోన్, దానికి బ్లూటూత్ స్కానర్. “నేను లేనట్టే నడపండి సార్.”

కె.ఆర్.పురం దాటేసరికి ఇంజిన్ వేడి 90. హోస్కోటె వైపు రోడ్డు ఖాళీగా ఉంది, ఆయన వంద దాటించారు. ఫోన్‌లో అంకె కిందికి జారడం మొదలైంది. 84. 79. 74. హోస్కోటె దాటాక 68 దగ్గర నిలబడింది.

నేను ఫోన్‌ను ఒకసారి ఆపి మళ్లీ పెట్టాను. 67.

నిలబడ్డప్పుడు 91 చూపిన ఇంజిన్ పరిగెత్తితే 67కి పడిపోతోందంటే, ఎదురుగాలి రేడియేటర్‌ను చల్లబరుస్తుంటే నీళ్లను ఆపేవాడు లేడన్నమాట. ఆ ఆపేవాడే థర్మోస్టాట్ వాల్వ్. ఇంజిన్ కావలసినంత వేడెక్కేదాకా అది నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వదు. చల్లటి ఇంజిన్‌లో పెట్రోల్ సరిగా ఆవిరి కాదు, ఆయిల్ చిక్కగా ఉంటుంది. ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని ఈసీయూ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. ఊరికి పోయే దారంతా ఈ బండి ‘ఇప్పుడే స్టార్ట్ చేశారు’ అనుకుంటూ పరిగెత్తుతోంది. డ్యాష్‌బోర్డులో వేడి చూపే ముల్లు లేదు. చల్లగా ఉంటే నీలం లైటు, ఉడికితే ఎర్ర లైటు. నీలం లైటు 60 దాటగానే ఆరిపోతుంది. పాపం ఆయనకు తెలిసే దారే లేదు.

టోల్ దాటాక పక్కకు ఆపించాను, బ్రేక్ గట్టిగా నొక్కకుండా, నెమ్మదిగా దొర్లించి. దిగి నాలుగు చక్రాలకూ వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ పెట్టాను. ముందు కుడి బ్రేక్ డిస్క్ 58 డిగ్రీలు. వెనక రెండూ నలభైల్లో. ముందు ఎడమ 131. చేయి దగ్గరికి తీసుకుపోతేనే సెగ తగిలింది. న్యూట్రల్‌లో పెట్టి ఇద్దరం తోస్తే బండి కదలనా మాననా అంది. టైర్లలో గాలి చూస్తే 24, 25. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద 33 అని ఉంది.

బ్రేక్ సంగతి మొదటి రోజే నాకు తెలియాల్సింది. పట్టేసిన బ్రేక్ ఉన్న చక్రం మీద నల్లటి పొడి మిగతావాటికన్నా దట్టంగా పేరుకుంటుంది. చూడగానే చెప్పొచ్చు. కానీ నా గ్యారేజ్‌లో బండి రాగానే ముందు వాటర్ వాష్. కస్టమర్ సంతోషిస్తాడని నేనే పెట్టిన పద్ధతి. మా కుర్రాడు ఆ చక్రాన్ని షాంపూ పెట్టి అద్దంలా తుడిచి నా ముందు పెట్టాడు. సాక్ష్యాన్ని నా డబ్బుతో నేనే కడిగించాను. గాలి సంగతీ అంతే. ఆ రోజు జాబ్ కార్డులో ‘టైర్ గాలి’ పక్కన టిక్ ఉంది, అంకె లేదు. ఎవరు చూశారని అడిగితే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఏది ముందు?

మూడు తప్పులూ ఒకేసారి సరిచేస్తే పని అయిపోతుంది. కానీ ఏది ఎంత తింటోందో ఎప్పటికీ తెలియదు. ఒక్కొక్కటే సరిచేసి మధ్యలో ఒక ట్యాంకు నడిపించాలని అనుకున్నాను. అయితే పట్టేసిన బ్రేక్‌తో, 24 గాలితో హైవేకి పంపడం తప్పు. కాబట్టి ఆ రెండూ ఆ రోజే, కలిపి. థర్మోస్టాట్ రెండు వారాల తర్వాత.

డిస్క్‌ను ప్యాడ్లతో పట్టే కాలిపర్ విప్పితే, అది అటూ ఇటూ జరగడానికి ఉండే కింది స్లైడ్ పిన్ తుప్పుతో బిగుసుకుపోయింది. రబ్బరు బూటు చినిగి వాన నీళ్లు పోయాయి. లోపలి ప్యాడ్ 2 మి.మీ., బయటి ప్యాడ్ 7 మి.మీ. ఒక పక్క ప్యాడ్ మాత్రమే అరగడం పిన్ పట్టేసిందనడానికి గుర్తు. కొత్త పిన్నులు, బూట్లు, ప్యాడ్లు, డిస్క్ స్కిమ్మింగ్: రూ.4,200. పిన్నులకు సిలికాన్ బ్రేక్ గ్రీజే వాడాలి. బేరింగులకు పెట్టే మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి ఆరు నెలల్లో మళ్లీ పట్టేస్తుంది.

ఆ తర్వాత ఊరికి పోయొచ్చిన ట్యాంకులో హైవే 14.6. సిటీ 10.3.

ఇక థర్మోస్టాట్. హౌసింగ్ విప్పేటప్పుడు వాల్వ్ తెరుచుకుని పట్టేసి ఉంటుందనుకున్నాను. లోపల వాల్వే లేదు. ఖాళీ గూడు, చుట్టూ సిలికాన్ పేస్టు.

ఆయన వెంటనే ఊళ్లో వాళ్ల నాన్నకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు.

“అవునప్పా, రెండేండ్ల కిందట ఎండల్లో బండి ఉడికిపోయింది గదా. మనూరి మెకానిక్ ఏందో వాల్వంట, పీకి పారేసినాడు. చలి దేశాలకు గావాలంట అది, మనకు పనిల్యాదంట. ఆ పొద్దు నుంచి ఒక్కసారీ ఉడకల్యా. ఏం, తప్పు చేసినాడా?”

ఆ మెకానిక్‌ను నేను తిట్టలేదు. జె.సి.రోడ్డులో పని నేర్చుకున్న రోజుల్లో మా ఉస్తాద్ కూడా ఇదే చేసేవాడు, నేను కూడా చేశాను. కార్బొరేటర్‌కు ఇంజిన్ వేడి ఎంతో తెలియదు, అది పోసేది అది పోస్తూనే ఉంటుంది. తేడా వచ్చినా కళ్లకు కనపడేది కాదు. ఈసీయూ అలా కాదు, సెన్సర్ చెప్పింది నమ్ముతుంది.

ఇక్కడ తొందరపడితే అసలు ప్రమాదం. ఆ రోజు బండి ఉడికింది కాబట్టి వాల్వ్ తీశారు. ఎందుకు ఉడికిందో ఎవరూ చూడలేదు. ఆ కారణం ఇంకా లోపలే ఉంటే, నేను కొత్త వాల్వ్ బిగించి పంపిన మరుసటి ఎండాకాలం ఇంజిన్ లోపలి హెడ్ గాస్కెట్ పోతుంది. మైలేజ్ కోసం వచ్చినవాడికి ఇంజిన్ పని తగిలించినట్టవుతుంది. అందుకే వాల్వ్ చేతిలో ఉన్నా ఆ రోజు బిగించలేదు.

ఫ్యాన్ చూశాం, బాగుంది. వాటర్ పంపు బాగుంది. రేడియేటర్ మూతకు ప్రెషర్ పెడితే నిలవలేదు, స్ప్రింగ్ చచ్చిపోయింది. మూత ప్రెషర్ ఆపితేనే లోపలి నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. దానికి తోడు ఎవరో కూలెంట్‌కు బదులు బోరు నీళ్లు పోశారు. వంపితే ఇటుక రంగు. ఇక్కడి బోరు నీళ్లలో సున్నం ఎంతో గీజర్ విప్పిన ఎవరినైనా అడగండి. రేడియేటర్ ఫ్లష్, కొత్త మూత, కూలెంట్, థర్మోస్టాట్, కూలీ: రూ.3,400. అరిగిన మూత ఒక్కటి ఆ రోజు మార్చి ఉంటే ఇదంతా ఉండేది కాదు.

తర్వాతి ప్రయాణంలో నన్ను రమ్మనలేదు. తనే స్కానర్ కొనుక్కుని హైవే మీద 88 దగ్గర నిలబడ్డ అంకెను స్క్రీన్‌షాట్ తీసి పంపారు. హైవే 16. సిటీ 10.9. సిటీలో పెద్దగా పెరగకపోవడమే నా అంచనాకు బలం. ట్రాఫిక్‌లో ఆగి ఆగి పోయే ఇంజిన్ వాల్వ్ లేకపోయినా వేడెక్కుతుంది.

కాలి కింద ఉన్న మైలేజ్

డ్రైవింగ్ గురించి చెబితే ఎవరికైనా కోపం వస్తుంది. నేనూ మొదట ఉపన్యాసమే ఇచ్చాను: నెమ్మదిగా పోండి, గేర్లు త్వరగా మార్చండి. ఒక వారం చేశారు, మానేశారు.

పని చేసింది ఒక చిన్న లెక్క. హోస్కోటె దాటాక కోలారు దాకా దాదాపు నలభై కి.మీ. మంచి రోడ్డు. ఆయన అక్కడ 110లో పోతారు. 110లో నలభై కి.మీ.కి 22 నిమిషాలు, 85లో 28. మిగిలేది ఆరు నిమిషాలు. వేగం పెరిగే కొద్దీ గాలి తాకిడి దాని వర్గంలో పెరుగుతుంది, 110లో ఆ తాకిడి 85 కన్నా ఒకటిన్నర రెట్లకు పైనే. ఆ ఆరు నిమిషాలు కోలారు దగ్గర శ్రీనివాసపురం రోడ్డులోకి తిరగగానే టమాటా లారీ వెనక పోతాయి. ఈ మాటకు ఆయన నవ్వారు. “నిజమే, లారీ వెనక పడని రోజు లేదు.” అప్పటి నుంచి 85, 90. హైవే 17.4.

సిటీలో ఇలాంటి సులువు దొరకలేదు. ఒక ఉదయం స్కానర్‌తో కొలిస్తే 70 నిమిషాల ప్రయాణంలో బండి కదలకుండా నిలబడింది 26 నిమిషాలు. ఏసీతో ఐడిల్‌లో గంటకు 0.9 లీటర్లు. ట్రిప్పుకు దాదాపు 400 మి.లీ., నలభై రూపాయలు నిలబడినందుకే. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపమన్నాను. టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్ ఇరవై సెకన్లకోసారి రెండడుగులు జరుగుతుంది, ఆపి తీసేలోపు వెనకవాడి హారన్. కుదరలేదు. ఏసీ ఆపమని నేను అనలేదు, ఆ పొగలో అద్దాలు దించమనడానికి నోరు రాదు. చివరికి పిల్లాడిని స్కూల్లో దింపే పని లేని రెండు రోజులు ఏడూ ఇరవైకే బయల్దేరుతున్నారు. దానితో సిటీ 11.3.

డబ్బు లెక్క

ముందు నెలకు 115 లీటర్లు, ఇప్పుడు 91. దాదాపు రూ.2,500 మిగులు. బ్రేకుకు, కూలింగ్‌కు పెట్టిన 7,600 మూడు నెలల్లో తిరిగొచ్చింది. మొదటి సర్వీస్‌లో ప్లగ్గులు, ఆయిల్, ఫిల్టర్ ఎలాగూ మార్చాల్సినవే. థ్రాటిల్, ఇంజెక్టర్ క్లీనింగ్‌కు తీసుకున్న రూ.1,800 మాత్రం వెనక్కిచ్చాను. ఆయన వద్దన్నారు, తర్వాతి బిల్లులో తగ్గించాను.

తక్కువ రాపిడి టైర్లు వేయిద్దామా అని కూడా అడిగారు. ఉన్న టైర్లకు ఇంకా రెండేళ్ల ఆయుష్షుంది. మైలేజ్ కోసం మంచి టైరు పారేస్తే ఆ డబ్బు ఎప్పటికి తిరిగొస్తుందో నాకు లెక్క తేలలేదు, వద్దన్నాను. సీఎన్‌జీ మాట ఆయనే మళ్లీ ఎత్తలేదు.

నా వైపు మారినవి మూడు. బండి రాగానే నాలుగు చక్రాల వేడి, పొడి చూశాకే వాటర్ వాష్. జాబ్ కార్డులో గాలికి టిక్ పెట్టే గడి తీసేసి నాలుగు అంకెల గడులు పెట్టాం. మైలేజ్ కంప్లైంట్ అయితే రోడ్డు మీదికి తీసుకెళ్లకుండా బిల్లు రాయడం లేదు. ఈ మూడో దానికి కస్టమర్లు విసుక్కుంటున్నారు. ఆదివారం పొద్దున్నే అయిదున్నరకు రమ్మంటే ఎవరికిష్టం?

మే నెలలో ఆయన ఫోన్. “అన్నా, మళ్లీ పడింది. ఊరి నుంచి వచ్చిన ట్యాంకు 15.9.” గొంతులో టెన్షన్. రోడ్డు మీద నుంచి నేరుగా రమ్మన్నాను. చక్రాలకు గన్ పెడితే ముందు 61, 59. స్కానర్‌లో 89. గాలి 33. అమ్మానాన్నలు వెనక సీట్లో, ఏసీ ఫుల్లు, సరే. అది ఒక్కటే ఇంత తీయదే అనుకుంటూ డిక్కీ తెరిచాను.

శ్రీనివాసపురం దగ్గర ఆగి కొన్నారట. అయిదు బుట్టల మామిడిపండ్లు, వంద కిలోలకు తక్కువుండవు.

“ఏమప్పా, వాల్వ్ ఉందా, మళ్లా ఎవరన్నా పీకినారా?” అంటూ పెద్దాయన దిగి, ఒక బుట్ట మా షెడ్డులో దించారు.